పెరుగు మాన్పిస్తే జలుబు తగ్గదమ్మా

"పెరుగు మాన్పించి నెలైంది సార్, అయినా వీడి జలుబు పోలేదు" అంది చంద్రగిరి నుంచి మనవణ్ణి ఎత్తుకొచ్చిన అవ్వ. పిల్లాడికి రెండేళ్లు. కోడలి చేతిలో ప్రోబయోటిక్ (పేగులకు మేలు చేసే బ్యాక్టీరియా) పొడి ప్యాకెట్లు. పొగలు కక్కే పాలలో కలిపి తాగిస్తున్నారట. తిరుపతిలో నా దగ్గరికి వచ్చే ఇళ్లలో సగం కథ ఇదే.

అపోహ: పెరుగు తింటే నెమ్ము చేస్తుంది.

జలుబు తెచ్చేది వైరస్, పెరుగు కాదు. ఫ్రిజ్‌లోంచి తీసింది చల్లగా అనిపిస్తే కాసేపు బయట ఉంచి పెట్టండి. పాల ఎలర్జీ లేకపోతే ఆరో నెల దాటాక పెరుగు పెట్టొచ్చు. తోడు పెట్టిన పెరుగులో ఏ రకం బ్యాక్టీరియా ఎంతుందో కొలవలేం కాబట్టి దాన్ని మందు అనను. మంచి తిండి అంటాను.

అపోహ: ప్యాకెట్ వేస్తే ఇమ్యూనిటీ పెరిగి ఏ జబ్బూ రాదు.

ప్రోబయోటిక్ అంటే ఒకే మందు కాదు. ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా నవజాత శిశువులపై చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. ల్యాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియాలో ఒక రకాన్ని, దానికి మేతగా ఒక ప్రీబయోటిక్‌ను కలిపి వారం రోజులు ఇస్తే సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రమాదకర ఇన్ఫెక్షన్), మరణాలు కలిపి చూస్తే బాగా తగ్గాయి. గొప్ప ఫలితం. కానీ అది ఆ రకానికి, ఆ మోతాదుకి, ఆ వయసుకి చెందింది. షాపులో దొరికే ప్రతి ప్యాకెట్‌కీ ఆ పేరు అంటగట్టలేం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే డాక్టర్ చెప్పకుండా అసలు వేయొద్దు. విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్, 14 రోజులు జింక్. ఆ తర్వాతే మిగతావి. ఇక వేడి పాలలో కలిపితే ల్యాక్టోబాసిల్లస్ లాంటివి చచ్చిపోతాయి.

అపోహ: ప్రీబయోటిక్ అంటే ఖరీదైన డబ్బా పొడి.

మంచి బ్యాక్టీరియా తినే పీచు అది. అరటిపండు, ఉల్లి, వెల్లుల్లి, పప్పుల్లో ఉంది. మన సంగటిలోని రాగుల్లోనూ పీచుకి కొదవ లేదు. ఆ పీచు పేగుల్లో పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలు పేగు గోడ కణాలకు బలం. రోగనిరోధక కణాలు ఎక్కువగా కాపు కాసేది ఆ గోడ దగ్గరే.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం తల్లిపాలు. వాటిలో బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని ఉంటాయి. అవి బిడ్డ పేగుల్లోని బిఫిడో అనే మంచి బ్యాక్టీరియాకి మేత. ఆరు నెలలదాకా తల్లిపాలే చాలనడానికి ఇదీ ఒక కారణం. పుట్టగానే తేనె నాకించొద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనెతో బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.

"అయితే ఈ పొద్దు సంగట్లోకి పెరుగు వెయ్యొచ్చా సార్?" అంది అవ్వ. వెయ్యమన్నాను.