అస్సాయే ఫిరంగుల వరస: అపోహలు - వాస్తవాలు

ఆర్టిలరీలో చేసి రిటైరైనవాణ్ణి. పాత యుద్ధాల కబుర్లు ఎవరు మొదలుపెట్టినా నా బుర్ర ముందు ఫిరంగులు ఎక్కడ నిలబెట్టారు, వాటికి కాపలా ఎవరు అన్నదాని మీదకే పోతుంది. 1803 సెప్టెంబర్ 23న మరాఠాలకూ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకీ మధ్య జరిగిన అస్సాయే యుద్ధం గురించి వినే మాటలైతే చాలా వరకు సగం నిజాలే. ఊరు ఇప్పుడు మహారాష్ట్రలో, జాల్నా జిల్లాలో ఉంది. ఒకప్పుడు నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ జిల్లాలో ఉండేది.

అపోహ: మరాఠాల ఫిరంగులు నాటు సరుకు, అందుకే ఓడిపోయారు.

ఇది అన్నిటికంటే పెద్ద అబద్ధం. మరాఠా పాలకుడు సింధియా సైన్యం కోసం ఆగ్రా వైపు కార్ఖానాల్లో యూరప్ పద్ధతిలో పోతపోసిన ఇత్తడి ఫిరంగులవి. యుద్ధం మొదలవగానే వెల్లెస్లీ (కంపెనీ దళం సేనాపతి, తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ఇతనే) తన ఫిరంగులను ముందుకు తెస్తే, మరాఠా గోలందాజులు (ఫిరంగులు పేల్చేవాళ్లు) కాసేపట్లోనే వాటి నోరు మూయించారు, లాగే ఎడ్లు చచ్చాయి, మనుషులు చచ్చారు, చివరికి అతను ఫిరంగుల అండ లేకుండానే కాల్బలాన్ని ముందుకు నడిపించాల్సి వచ్చింది. నాటు సరుకు ఈ పని చేస్తుందా?

అపోహ: గుండు పడగానే పేలుతుంది.

సినిమాల పుణ్యం. అప్పట్లో ఎక్కువగా వాడింది గట్టి ఇనప గుండు, అది పేలదు. నేలకి తగిలి ఎగిరి, మళ్లీ తగిలి ఎగురుతూ వరసలో నిలబడ్డవాళ్లను కోసుకుంటూ పోతుంది, ఊపు తగ్గి దొర్లుతున్నట్టు కనిపించే గుండుకి కాలు అడ్డం పెట్టినా కాలు పోతుంది. అందుకే ఫిరంగిని ఎత్తైన గుట్ట మీద పెట్టడమే మేలనే మాట కూడా తప్పు. పై నుంచి ఏటవాలుగా దిగిన గుండు మట్టిలో కూరుకుపోతుంది, గుట్ట కింద నక్కినవాడిని మూతి వంచి కొట్టనూ లేం. చదునుగా, గట్టిగా ఉన్న నేల కావాలి. శత్రువు మూడు వందల మీటర్ల లోపుకి వచ్చాక గుండు మానేసి, చిన్న గుండ్లు కూరిన తగరపు డబ్బాలు పేలుస్తారు. అస్సాయేలో ఎక్కువమంది ప్రాణం తీసింది బహుశా ఇవే.

అపోహ: వెల్లెస్లీ నది దాటి పక్క నుంచి వచ్చేసరికి మరాఠాలు అయోమయంలో పడిపోయారు.

మార్గం చూపేవాళ్లు రేవు లేదన్నా, రెండు ఒడ్డుల మీదా ఎదురెదురుగా ఊళ్లు కనిపించాయి కాబట్టి మధ్యలో రేవు ఉండే తీరాలని అతను ఊహించాడు, ఆ మాట నిజమే. కానీ అటు పోల్మాన్ (సింధియా కొలువులోని హనోవర్ అధికారి) ఊరుకోలేదు. కైట్నా నది వెంట దక్షిణం వైపు చూస్తున్న వరసను మొత్తం తూర్పుకి తిప్పేశాడు. కుడి చివర కైట్నా, ఎడమ చివర జువా నది ఒడ్డున అస్సాయే ఊరు. శత్రువు కళ్ల ముందే అన్ని ఫిరంగులను, వాటి మందుబళ్లను తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ వరసలో నిలబెట్టడం ఎంత టెన్షనో ఒక్క ఫిరంగిని చేత్తో తోసినవాడికి తెలుస్తుంది. వెల్లెస్లీ అది ఊహించలేదు.

అపోహ: వందకు పైగా ఫిరంగులుంటే ఎవరూ దగ్గరకు రాలేరు.

లెక్క వేద్దాం. మంచి జట్టు నిమిషానికి రెండు సార్లు పేలుస్తుంది. నడిచి వచ్చే కాల్బలం చివరి ఐదు వందల మీటర్లు దాటడానికి ఐదారు నిమిషాలు, అంటే ఒక్కో ఫిరంగికి దక్కేది పది పన్నెండు దెబ్బలు. ఆ తర్వాత ఫిరంగిని కాపాడాల్సింది వెనక ఉన్న కాల్బలమే. ఉత్తరాన అస్సాయే ఊరి వైపు దారితప్పి మరీ దగ్గరకు పోయిన కంపెనీ వైపు 74వ హైలాండర్ల (స్కాట్లాండ్ సైనికుల) పటాలం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, అక్కడ ఫిరంగులూ కాల్బలమూ కలిసి పనిచేశాయి. దక్షిణాన మాత్రం గోలందాజులు బయనెట్ పోట్లు తగిలేదాకా ఫిరంగులను వదల్లేదు కానీ వాళ్ల వెనక వరస విరిగిపోయింది. నా దృష్టిలో యుద్ధం ఓడింది అక్కడే. ఆ తప్పు ఫిరంగి మీద వేయకండి.

అపోహ: శత్రువు ఫిరంగుల మీదకు వచ్చాక ఇక అంతే.

కంపెనీ దళం ముందుకు దాటిపోయాక, చచ్చినట్టు పడి ఉన్న గోలందాజులు కొందరు లేచి, ఫిరంగులను వెనక్కి తిప్పి వాళ్ల వీపు మీదే కొట్టారు! వెల్లెస్లీ స్వయంగా 78వ పటాలాన్ని, 7వ మద్రాసు ఆశ్విక దళాన్ని వెనక్కి తెచ్చి ఆ వరసను రెండోసారి పట్టుకోవాల్సి వచ్చింది. మందు అంటించే రంధ్రంలో మేకు దిగ్గొడితే ఫిరంగి మూగబోతుంది, ఆ తొందరలో ఆ పని ఎవరూ చేయలేదు.

అపోహ: ఇది తెల్లవాళ్ల గెలుపు.

తెల్ల పటాలాలు మూడే: 74, 78, 19వ లైట్ డ్రాగూన్లు (గుర్రపు దళం). మిగతా కాల్బలం, గుర్రపు దళం మద్రాసు సైన్యానివి, అందులో తెలుగువాళ్లూ ఉండేవారు. మద్రాస్ రెజిమెంట్ చిహ్నంలో ఇప్పటికీ కనిపించే ఏనుగు అస్సాయే యుద్ధానికి గుర్తే. పట్టుబడిన ఫిరంగులు 98. వాటిని పట్టుకోవడానికి కంపెనీ దళంలో 428 మంది చచ్చారు, 1,138 మంది గాయపడ్డారు. అసలు పోరులో దిగింది నాలుగున్నర వేల మందే, అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి దెబ్బ తగిలిందన్నమాట.