సైన్స్ అర్థమవ్వాలంటే: టీచర్ల దగ్గర ఎక్కువగా వినే అపోహలు

సైన్స్ టీచర్లకి ట్రైనింగ్ ఇస్తుంటా కాబట్టి ఈ మాటలు ప్రతి బ్యాచ్‌లోనూ వినిపిస్తూనే ఉంటాయి.

అపోహ: డెఫినిషన్ తప్పు లేకుండా చెప్పాడంటే పాఠం వచ్చేసినట్టే.

వాస్తవం: కిరణజన్య సంయోగక్రియ గడగడా అప్పజెప్పిన పిల్లల్నే "ఇంత లావు చెట్టు మాను, ఆ కలపంతా ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగి చూడండి, చాలామంది మట్టిలోంచి అనేస్తారు. ఇప్పుడే కదరా కార్బన్ డయాక్సైడ్ అన్నావు! వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త విల్లో మొక్కని అయిదేళ్లు కుండీలో పెంచి తూచాడు, ఆ లెక్కలు 1648లో అచ్చయ్యాయి, చెట్టు 5 పౌండ్ల నుంచి 169 పౌండ్లయింది, మట్టి తగ్గింది మాత్రం 2 ఔన్సులే. ఆయనేమో పెరిగిందంతా నీళ్లే అనుకున్నాడు. నేనైతే ఈ అంకెలు బోర్డు మీద రాసి, ఆయన ఏది లెక్కలోకి తీసుకోలేదో మీరే చెప్పండి అని పిల్లలకే వదిలేయమంటా.

అపోహ: ప్రయోగం చేసి చూపిస్తే చాలు, అదే అర్థమైపోద్ది.

వాస్తవం: చూపించే ముందు ఏం అడిగారన్నదే అసలు సంగతి. ఒకే రకం బల్బులు రెండు సిరీస్‌లో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, స్విచ్ వేయకముందే ఏది ఎక్కువ వెలుగుతుందో నోట్‌బుక్‌లో రాయమనండి, కారణంతో సహా. మొదటి బల్బు కరెంట్ కొంత తినేస్తుంది కాబట్టి రెండోది డల్‌గా ఉంటుందని రాసేవాళ్లే ఎక్కువ. అప్పుడు స్విచ్ వేస్తే రెండూ సమానంగా వెలుగుతాయి, ఇక క్లాసులో వాదన మొదలవుద్ది చూడండి, పాఠం అక్కడే ఉంది. ముందు రాయించకపోతే మాత్రం అందరూ "నేనూ అదే అనుకున్నా" అంటారు. ఒక జాగ్రత్త ఏంటంటే ఒకే రేటింగ్ బల్బుల్లో కూడా ఒక్కోసారి కొంచెం తేడా ఉంటుంది, అలాంటప్పుడు వాటి చోట్లు మార్చి చూపిస్తే తేడా బల్బుదా, సర్క్యూట్‌దా అన్నది తేలిపోద్ది.

అపోహ: బట్టీ అసలు ఉండకూడదు.

వాస్తవం: సోడియం సింబల్ ఎన్ఏ అని ఎంత ఆలోచించినా తట్టదు కదా, గుర్తుపెట్టుకోవాల్సిందే. యూనిట్లూ అంతే.

అపోహ: ఇలా చెప్తే సిలబస్ అవ్వదు.

వాస్తవం: టైం పడుతుంది, అబద్ధం ఎందుకు. అందుకే ప్రతి పాఠానికీ వద్దు, పిల్లలు బాగా పొరపాటు పడే కాన్సెప్టులు ఏరుకోండి. మిగతా చోట్ల ఖర్చు లేని పని ఒకటుంది, ప్రశ్న అడిగాక కాస్త ఆగడం. సైన్స్ బోధన మీద పరిశోధన చేసిన మేరీ బడ్ రో గమనించినదాని ప్రకారం టీచర్లు మామూలుగా ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగరు, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పుతారు.

ఇంకోటి, టెస్ట్ పేపర్ పాతదే ఉంటే పిల్లలు మళ్లీ బట్టీకే పోతారు, తప్పు వాళ్లది కాదు. "రుతువులు ఎలా ఏర్పడతాయి?" అనే బదులు ఇలా ఇవ్వండి: "భూమి సూర్యుడికి బాగా దగ్గరగా, అంటే సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదట్లో. జూలైలో అది 15.2 కోట్లు. మరి ఉత్తరార్ధగోళంలో జనవరిలోనే చలెందుకు?"