తిండి మానేసిన పిల్ల పక్కన ఎవరుండాలి?

పిల్ల తినడం మానేసి చిక్కిపోతోందని బెంగళూరు మారతహళ్లి పీజీ నుంచి ఫోన్ వస్తే కడప నుంచో నెల్లూరు నుంచో పరిగెత్తుకొచ్చే అమ్మానాన్నలకు ముందుగా వినపడేది "అంతా మీ గారాబమే", కాదంటే "మీరు పెట్టిన టెన్షనే" అన్న మాట. ఈ నిందకు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1873లో లండన్ డాక్టర్ విలియం గల్, పారిస్‌లో లాసెగ్, ఇద్దరు డాక్టర్లూ విడివిడిగా ఈ జబ్బును, అంటే తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే మానసిక జబ్బును, వర్ణించారు. అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు గల్ పెట్టిందే. వేళకు తినిపించాలని ఆయన చెప్పింది ఇప్పటికీ నిజం, కానీ రోగిని కనిపెట్టుకుని ఉండటానికి చుట్టాలూ స్నేహితులూ అస్సలు పనికిరారని కూడా రాశాడు. పారిస్ నరాల డాక్టర్ షార్కో ఇంకా ముందుకెళ్లి, తల్లిదండ్రులను పూర్తిగా దూరం పెట్టాలన్నాడు. ఆ తర్వాత చాలాకాలం వైద్యం ఆ దారిలోనే నడిచింది, ఎన్ని కుటుంబాలు ఆ మాటకు కుమిలిపోయి ఉంటాయో.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను నెలల తరబడి అర్ధాకలితో ఉంచితే వాళ్లు కూడా రోజంతా తిండి ధ్యాసలోనే ఉండి, చిరాకుపడుతూ, దిగులుతో ముడుచుకుపోయారు. మనం మొండితనం అనుకునే దాంట్లో చాలా భాగం ఆకలి చేసే పనే అన్నమాట. 1987లో లండన్‌లోని మాడ్స్‌లీ మానసిక వైద్యశాల బృందం ఇంకో మెట్టు ఎక్కింది: చిన్న వయసులో మొదలై, మూడేళ్లు దాటని జబ్బుకు కుటుంబంతో కలిసి చేసే చికిత్స మేలని తేల్చింది. అక్కడ తినిపించే బాధ్యత అమ్మానాన్నలదే.

మన దేశంలో 1950లలోనే అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ మానసిక రోగులతో పాటు ఇంట్లోవాళ్లనూ ఆసుపత్రిలో ఉంచుకున్నాడు. కాబట్టి బంధువులు పక్కనుండటం మనకు అరువు తెచ్చుకున్న ఆలోచనేమీ కాదు. మన దగ్గర అసలు చిక్కు జబ్బును గుర్తించడంలో ఉంది. లావైపోతాననే భయం ఉంటేనే ఈ జబ్బు అని పాత పుస్తకాలు చెప్పాయి, ఇక్కడి పిల్లల్లో చాలామంది "అరగట్లేదు, కడుపు నిండుగా ఉంది" అంటారు, దాంతో ముందు కడుపు డాక్టర్ దగ్గరికి, ఎండోస్కోపీకి వెళ్లి నెలలు పోతాయి. అలాగని ఈ జబ్బులు ఇక్కడ లేనివేమీ కావు: 2012లో వచ్చిన బెంగళూరు సర్వేలో, జవాబిచ్చిన 66 మంది సైకియాట్రిస్టుల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది తిండికి సంబంధించిన మానసిక జబ్బుల కేసులు చూశామన్నారు.

దయచేసి ఒక్కటి గుర్తుంచుకోండి, బాగా చిక్కిన పిల్లకు ప్రేమకొద్దీ ఒక్కసారిగా ఎక్కువ పెట్టకండి. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. ముందు రక్తపరీక్షలు, తర్వాత డాక్టర్ చెప్పిన లెక్కలో కొంచెం కొంచెంగా. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.