షుగరు గీతకు ఇవతలివైపు

“రక్తపరీక్షలో షుగరు లేదని వచ్చింది. ఇక షుగరు వల్ల గుండెకు వచ్చే ముప్పు గురించి ఆలోచించనక్కరలేదు కదా?” అని పాఠకులు తరచుగా అడుగుతుంటారు. జవాబు చెప్పాలంటే, ఉన్నదనీ లేదనీ తేల్చే ఆ గీతను ఎవరు, ఏ అవయవాన్ని చూసి గీశారో ముందు తెలుసుకోవాలి. పరగడుపున 126 మిల్లీగ్రాములు, హెచ్‌బిఎ1సి (చక్కెర అతుక్కొన్న హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పే కొలత) 6.5 శాతం అన్న హద్దులను నిర్ణయించేటప్పుడు నిపుణులు ప్రధానంగా చూసింది కంటిని. రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతినడం ఆ అంకెల ప్రాంతం నుంచి స్పష్టంగా పెరుగుతుంది, అంతకు దిగువన అది అరుదు. కంటి విషయంలో అది సమంజసమైన గీతే. గుండెకు రక్తం అందించే ధమనులను మాత్రం అప్పుడు ఎవరూ సంప్రదించలేదు.

ఆ ధమనులు ఏమంటాయో తరువాతి అధ్యయనాలలో తెలిసింది. ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో సుమారు పదివేల మంది స్త్రీ పురుషులను కొన్నేళ్లు గమనించి 2004లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, హెచ్‌బిఎ1సి 5 శాతం లోపు ఉన్నవారిలో గుండెజబ్బులూ మరణాలూ అతి తక్కువగా ఉన్నాయి, అక్కడి నుంచి ఆ అంకె పెరిగిన కొద్దీ అవీ పెరుగుతూ పోయాయి. ఆ కాలంలో సంభవించిన 521 మరణాలలో 375 మరణాలు 5కూ 6.9కీ మధ్య ఉన్నవారివే. అమెరికాలో మధుమేహం లేని 11,092 మందిని పరిశీలించి 2010లో వెలువరించిన మరొక అధ్యయనంలో, 5 నుంచి 5.5 వరకు ఉన్నవారితో పోలిస్తే, 6 నుంచి 6.5 వరకు ఉన్నవారికి గుండె ధమనుల జబ్బు వచ్చే అవకాశం 1.78 రెట్లు ఉంది. వయసు, పొగతాగడం, కొలెస్టరాల్, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా మిగిలిన తేడా అది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకర్షించేది ఈ హెచ్‌బిఎ1సి అన్న కొలత వెనుక ఉన్న రసాయనశాస్త్రం. పెనం మీద దోసె ఎర్రబడడానికి కారణం పిండిలోని చక్కెరలు ప్రోటీన్ల అమైనో గుంపులతో కలవడమే. దోసె మరింత ఎర్రగా రావాలని హోటళ్లలో పిండిలో చిటికెడు పంచదార వేసేది ఇందుకే. ఈ చర్యను 1912లో వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ పేరు దానికి నిలిచిపోయింది. మన శరీరంలో జరిగేదీ అదే చర్య, కాకపోతే 37 డిగ్రీల దగ్గర, పెనం మీద నిమిషంలో అయ్యేది నెలల మీద, ఏళ్ల మీద అవుతుంది. ఎంజైములతో పనిలేదు, చక్కెర గాఢత, కాలం, ఈ రెండూ ఉంటే చాలు. హిమోగ్లోబిన్‌లోని బీటా అనే ప్రోటీన్ గొలుసు మొదట్లో ఉన్న వాలీన్ అనే అమైనో ఆమ్లానికి గ్లూకోజు మొదట వదులుగా అతుక్కుంటుంది, ఆ దశలో విడిపోవచ్చు కూడా. తరువాత లోపల పరమాణువులు సర్దుకొని, ఆ బంధం కీటోఅమీన్ అనే రూపానికి మారి గట్టిపడుతుంది. పూర్తి ఆరోగ్యవంతుల రక్తంలోనూ నూటికి సుమారు ఐదు హిమోగ్లోబిన్ అణువులు ఇలా “ఎర్రబడే” ఉంటాయి. అంటే ఈ చర్యకు సున్నా అన్న స్థితే లేదు, షుగరు లేనివారికి అది హెచ్చుతగ్గుల విషయం మాత్రమే. మధుమేహ రోగుల రక్తంలో ఈ రకం హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉందని 1968లో టెహరాన్‌లో గుర్తించినవాడు శామ్యూల్ రహ్బర్.

గ్లూకోజు వలయాన్ని ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం గీయించి వదిలేస్తారు గాని, అసలు కథ ఆ వలయం విచ్చుకోవడంలో ఉంది. ప్రోటీన్లను పట్టుకొనేది విచ్చుకున్న గొలుసు రూపమే, ద్రావణంలో గ్లూకోజు ఆ రూపంలో ఉండేది లక్షకు ఏ రెండు అణువులో. తోటి చక్కెరలలో ఇంత తక్కువగా అతుక్కొనేది మరొకటి లేదు కాబట్టే జీవజాలం దీన్ని ఇంధనంగా ఎంచుకొని ఉంటుందని 1981లో బన్, హిగిన్స్ అనే శాస్త్రవేత్తలు సూచించారు. ఫ్రక్టోజు దీనికన్నా చాలా చురుకుగా అతుక్కుంటుంది. పంచదార మానేసి బెల్లానికి మారితే దోషం లేదని నమ్మేవారికి ఒక మాట: బెల్లంలో అధికభాగం పంచదారలో ఉన్న సుక్రోజే, అందులో సగం ఫ్రక్టోజే.

ఎర్రరక్తకణం సుమారు 120 రోజులలో నశిస్తుంది కాబట్టి హిమోగ్లోబిన్ ఎంత మాడినా కొత్తది వస్తుంది. (ఇనుములోపంతో రక్తహీనత ఉన్నవారిలో షుగరు పెరగకపోయినా ఈ అంకె కాస్త ఎక్కువగా రావచ్చు. మన స్త్రీలలో ఆ లోపం ఎంత సామాన్యమో తెలిసిందే కనుక 5.9ని చూసి కంగారుపడే ముందు హిమోగ్లోబిన్ ఎంతో చూడాలి.) ధమని గోడలో పోగులుగా ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌కు ఆ వెసులుబాటు లేదు, అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. దానిమీద అతుక్కొన్న చక్కెర క్రమంగా పక్కపక్క పోగుల మధ్య అడ్డబంధాలుగా మారి గోడను బిరుసెక్కిస్తుంది. అదే చర్య చెడ్డ కొలెస్టరాల్‌ను మోసే ప్రోటీన్ మీద జరిగితే, కాలేయం ఆ కొలెస్టరాల్ రేణువును సరిగా గుర్తించలేక రక్తంలోనే ఎక్కువసేపు తిరగనిస్తుంది. ఇలా తయారైన పదార్థాలను పట్టుకొనే ప్రత్యేక గ్రాహకాలు రక్తనాళాల లోపలి పొరలో ఉన్నాయి, అవి మేల్కొంటే వాపు మొదలవుతుంది.

ఇంత చక్కని యంత్రాంగం దొరికాక, మందుతో చక్కెర తగ్గిస్తే గుండె బాగుపడాలి. చైనాలో గుండెజబ్బు ఉండి, చక్కెర మధుమేహపు సరిహద్దులో ఉన్న 6,522 మందికి, పిండిపదార్థాల జీర్ణాన్ని నెమ్మదింపజేసే అకార్బోజు మాత్రనో ఉత్తుత్తి మాత్రనో ఇచ్చి చూశారు. 2017లో వచ్చిన ఫలితం: మాత్ర తీసుకున్నవారిలో మధుమేహం 18 శాతం తగ్గింది, గుండెపోట్లలో చెప్పుకోదగిన తేడా లేదు. ఇంకొక ఇబ్బందికరమైన సాక్ష్యం, రక్తంలో చక్కెరను పసిగట్టే గ్లూకోకైనేజు అనే ఎంజైము జన్యువులో లోపంతో పుట్టినవారిది. వారి పరగడుపు చక్కెర జీవితాంతం కొద్దిగా ఎక్కువగానే ఉంటుంది, అయినా సగటున దాదాపు యాభై ఏళ్లు అలా గడిపినవారిలో గుండెజబ్బులు ఇతరులకన్నా ఎక్కువగా కనిపించలేదని బ్రిటన్‌లో 2014లో తేలింది.

కాబట్టి నా అభిప్రాయంలో, సరిహద్దు దిగువన ఉన్న చక్కెర ఒంటరి నేరస్తుడు కాదు. దానిని పెంచే ఇన్సులిన్ నిరోధమే (ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినకపోవడమే) రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులనూ రక్తపోటునూ కాలేయంలో కొవ్వునూ కూడా పెంచుతుంది, 5.9 అన్న అంకె ఆ ముఠా సంచారానికి గుర్తు. ముఠాలో ఒక్కరిని పట్టుకొనే మాత్రకన్నా, నడకా తిండీ బరువూ అన్నిటినీ ఒకేసారి తాకుతాయి. చైనాలోని దాచింగ్ నగరంలో 1986లో 577 మంది సరిహద్దు వ్యక్తులతో మొదలుపెట్టి ఆరేళ్లపాటు ఆహారం, వ్యాయామం మార్పించారు. ఇరవై ఏళ్ల తరువాత లెక్కచూస్తే మధుమేహం తగ్గింది గాని గుండె విషయంలో స్పష్టమైన తేడా కనబడలేదు. ఇరవైమూడో ఏట గుండెజబ్బు మరణాలలో తేడా బయటపడింది, ముప్పై ఏళ్లకు ఆ మరణాలు మూడోవంతు తక్కువగా ఉన్నాయి.