కష్టకాలంలో విశ్వాసం: మనవాళ్లు నమ్మే అపోహలు, అసలు సంగతులు

పాస్టర్ పనిలో ఆదివారం ప్రసంగం చిన్న భాగమే. ఎక్కువ సమయం గడిచేది ఆసుపత్రి వార్డుల్లో, అప్పులవాళ్లు గొడవపడి వెళ్లిన ఇళ్లలో, భూస్థాపన తర్వాత జరిగే కుటుంబ ప్రార్థనల్లో. అక్కడ నేను చూసేది ఒకటే. కష్టాన్ని మోయగలిగినవాళ్లు కూడా, తోటి విశ్వాసులు అనే మాటల్ని మోయలేక సంఘం మానేస్తున్నారు. ఆ మాటలన్నీ భక్తిగానే వినిపిస్తాయి. అదే ఇబ్బంది.

అపోహ: కష్టం వచ్చిందంటే ఎక్కడో పాపం దాగి ఉంది.

మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "అన్నా, ఒకసారి నిన్ను నువ్వు పరీక్షించుకో" అంటారు. గొంతు మెత్తగానే ఉంటుంది. డయాలసిస్ చేయించుకుని ఒంట్లో ఓపిక లేకుండా పడుకున్న మనిషి, ఆ రాత్రంతా పాతికేళ్ల కిందటి తప్పుల్ని కూడా తవ్వుకుంటూ ఉంటాడు. భార్య "ఏమైంది?" అంటే చెప్పడు. చూడడానికి వచ్చినవాళ్లు ఇచ్చిపోయింది ఇదన్నమాట.

బైబిలులో, బిడ్డల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు చేసింది ఇదే. మొదటి ఏడు రోజులు నోరు మెదపకుండా అతనితో పాటు నేలమీద కూర్చున్నారు. అంతవరకు బాగానే చేశారు. మాట్లాడడం మొదలుపెట్టాకే చెడింది. చివరి అధ్యాయంలో దేవుని కోపం రగిలింది ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద. యోబు వాళ్ల కోసం ప్రార్థిస్తే తప్ప వాళ్లకు క్షమాపణ లేకపోయింది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి "పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్లా?" అని శిష్యులు అడిగినప్పుడు యేసు రెండూ కాదన్నాడు (యోహాను 9).

పాపం వల్ల వచ్చే కష్టాలు లేవని కాదు. తాగి బండి నడిపి కాలు విరగ్గొట్టుకుంటే కారణం కనుక్కోవడానికి ఉపవాస ప్రార్థన అక్కర్లేదు. మనకు తెలియని కారణాన్ని తెలిసినట్టు చెప్పడమే తప్పు.

అపోహ: మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టే.

ప్రాణాల మీదికి తెచ్చేది ఇది. షుగర్ ఉన్నవాళ్లు మాత్రలు, ఇన్సులిన్ సంగతి డాక్టరును అడక్కుండానే మూడు రోజుల ఉపవాసానికి కూర్చుంటారు. టీబీ విషయం ఇంకా ఘోరం. మందులు మొదలుపెట్టిన రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి కాస్త ఒళ్లు చేస్తాడు. "స్వస్థత వచ్చింది" అని మైకు అందుకుంటాడు, మర్నాటి నుంచి మాత్రలు మానేస్తాడు. మామూలు టీబీకి కోర్సు ఆరు నెలలు. మధ్యలో ఆపితే క్రిములు పూర్తిగా చావవు, తిరగబెట్టినప్పుడు పాత మందులకు లొంగకపోవచ్చు. పక్కన పడుకునే పిల్లలకూ అదే అంటుకుంటుంది. అందుకే స్వస్థత సాక్ష్యం చెబుతామని ముందుకొచ్చేవాళ్లను నేను ముందు అడిగేది, "మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?" అని. "వేసుకుంటున్నా అయ్యగారూ" అంటేనే మైకు. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

బైబిలు ఈ విషయంలో దాపరికం లేకుండా ఉంది. తరచూ జబ్బుపడే తన శిష్యుడు తిమోతికి అపొస్తలుడైన పౌలు కడుపు కోసం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు (ఈ వచనం ఒక్కటి మాత్రం అందరికీ కంఠతా వచ్చు). తోటి పనివాడు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు. తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. ప్రవక్త ఎలీషా ఎముకలు తగిలి చచ్చినవాడు లేచాడు, కానీ ఎలీషా పోయింది జబ్బుతోనే. వీళ్లలో విశ్వాసం తక్కువైంది ఎవరికి?

మనసుకు వచ్చే జబ్బూ అంతే. నిద్ర పట్టదు, ఏడుపు ఆగదు, చనిపోవాలనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు దయ్యమని తీసుకొస్తారు. నేను ప్రార్థన చేస్తాను, ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికీ పంపిస్తాను. వెంటనే వెళ్లే వీలు లేకపోతే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అపోహ: దేవుణ్ణి నిలదీస్తే విశ్వాసం పోయినట్టే.

88వ కీర్తన చదవండి. చాలా విలాప కీర్తనలు చివరికొచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసెయ్యలేదు. ప్రవక్త యిర్మీయా తాను పుట్టిన దినాన్నే శపించాడు. వీళ్లంతా దేవుడితోనే గొడవపడ్డారు, ఆయన్ను వదిలేసి వెళ్లినవాళ్లు కారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి "నన్నే ఎందుకు?" అంటే, "అలా అనకూడదమ్మా, స్తోత్రం చెప్పు" అని నోరు మూయించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె ప్రార్థన చేస్తోందయ్యా, చెయ్యనివ్వండి.

అపోహ: నిజమైన విశ్వాసి శోధనకు (పాపం వైపు లాగేదానికి) ఎదురు నిలిచి గెలుస్తాడు.

యోసేపు నిలవలేదు. తనను పాపానికి పిలిచిన యజమాని పోతీఫరు భార్య చేతిలో పైవస్త్రం వదిలేసి పారిపోయాడు. పౌలు కూడా జారత్వానికి దూరంగా పారిపొమ్మనే రాశాడు. కొన్ని శోధనలతో బలం చూసుకోకూడదు.

ఇప్పుడు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఫోన్లో ఆట. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అయినా దొంగదారిలో బెట్టింగ్ ఆగలేదు. కుర్రాడు కన్నీళ్లతో మోకరించి "ఇంకెప్పుడూ ఆడను పాస్టర్ గారూ" అంటాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే. కానీ ఫోను జేబులో అలాగే ఉంటే రాత్రి పదకొండింటికి ఆ తీర్మానం నిలవదు. అందుకని ప్రార్థన అయ్యాక అక్కడే కూర్చోబెట్టి చేయించే పనులు కొన్ని ఉన్నాయి. యాప్‌లు తీసేయాలి, ఆ టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి బయటికి రావాలి, జీతం పడే ఖాతా కార్డు ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వాలి, యూపీఐలో రోజువారీ పరిమితి తగ్గించాలి, ఎవరికెంత బాకీయో కాగితం మీద రాసి భార్యకు చూపించాలి. ఈ చివరిదానికి మాత్రం బతిమాలుకుంటారు, "అది తప్ప ఏదైనా చెప్పండి" అంటారు. అది చేసినవాళ్లే ఎక్కువగా బయటపడడం చూశాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10:13లో శోధనతో పాటు తప్పించుకునే మార్గం కూడా దేవుడు కలుగజేస్తాడని ఉంది. మార్గమంటూ ఉన్నాక నడవాల్సింది మనమే.

మనసులోకి చెడు ఆలోచన రావడమే పాపం అనుకునేవాళ్లకు ఒక్క మాట: యేసు కూడా శోధింపబడ్డాడు, పాపం మాత్రం చెయ్యలేదు.

అపోహ: ఒకసారి పడిపోయినవాడు ఇక పనికిరాడు.

యేసును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి సంఘ చరిత్ర చెబుతాను. క్రీ.శ. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి డేసియస్, అందరూ దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలన్నాడు. ఆ పత్రాలు కొన్ని ఐగుప్తులో (ఈజిప్టులో) దొరికాయి కూడా. చాలామంది క్రైస్తవులు భయపడి బలి ఇచ్చారు, కొందరు లంచమిచ్చి కాగితం మాత్రం తెచ్చుకున్నారు. హింస తగ్గాక వాళ్లంతా తిరిగొచ్చారు. చేర్చుకోకూడదని రోములో నొవేషియన్ అనే సంఘనాయకుడు పట్టుబట్టాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు బిషప్పు సిప్రియన్ పశ్చాత్తాప కాలం పెట్టి చేర్చుకునే దారి పట్టాడు. సంఘం వెళ్లింది సిప్రియన్ దారిలోనే. ఆ సిప్రియన్ తర్వాత 258లో విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడు. పడినవాళ్లను చేర్చుకున్నది విశ్వాసాన్ని చులకనగా తీసుకున్న మనిషి కాదు.

పోలిక పూర్తిగా కుదరదు గానీ, కాగితం బాధ మనకూ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, ఆంధ్రలో బీసీ-సీ కిందికి వస్తాడు. కాగితంలో హిందువని రాయించుకోవాలా వద్దా అని, ఉద్యోగం, పిల్లల చదువు తూకంలో పెట్టుకుని కుమిలిపోయేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. అబద్ధం రాయమని నేను ఎవరికీ చెప్పను. అలాగని, పోగొట్టుకునేదేమీ లేనివాళ్లు వేదికెక్కి వాళ్లను పిరికివాళ్లనడం నాకు నచ్చదు.

అపోహ: కష్టంలో పుట్టిన విశ్వాసం కష్టం తీరగానే పోతుంది.

తిండి కోసం మతం మారారంటూ "బియ్యం క్రైస్తవులు" అనే వెక్కిరింపు పాతదే. ఒంగోలు చరిత్ర తెలిస్తే అంత తేలిగ్గా అనలేం. 1853లో, ఫలితం లేదు మూసేద్దామా అని అమెరికా బాప్టిస్టులు చర్చించుకున్న తెలుగు మిషన్లోదే తర్వాతి ఒంగోలు పని. 1876-78 కరువులో అక్కడి మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని వాళ్లు అడుగుతున్నా, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు సహాయం నడిచినంతకాలం ఇవ్వలేదు. పని అయిపోయింది, పంచడానికి ఇంకేమీ లేదు. అప్పుడూ వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇవాళ ప్రకాశం జిల్లా పల్లెల్లో ఆదివారం గుడికి వెళ్లే చాలామందికి వాళ్లు ముత్తాతలు, ముత్తవ్వలు.

అపోహ: పాస్టర్లకు ఇవేవీ ఉండవు.

ప్రవక్త ఏలీయా అలసిపోయి బదరీవృక్షం కింద కూర్చుని "నా ప్రాణం తీసుకో" అన్నాడు. దేవుడు అప్పుడు అతనికి ప్రసంగం చెప్పలేదు. పడుకోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. కాబట్టి మీ పాస్టర్ గారు, అమ్మగారు సోమవారం విశ్రాంతి తీసుకుంటూ ఫోను ఎత్తకపోతే ఆత్మీయంగా చల్లారిపోయారని గ్రూపులో పెట్టకండి. ప్రాణం మీదికొచ్చిన పనైతే సంఘపెద్దల్లో ఒకరికి చెయ్యండి, లేకపోతే మంగళవారం మాట్లాడండి.