వాంతుల మందుకు గుండె హెచ్చరిక ఎలా వచ్చింది?

క్యాన్సర్‌కు కీమో తీసుకునే పిల్లలకు వాంతులు ఆపే ఒండాన్‌సెట్రాన్ పేరు చెప్పగానే ఈమధ్య గుండె మాట కూడా వస్తోంది. ఆ భయం ఒక్కసారిగా పుట్టింది కాదు.

1978లో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుకు అమెరికాలో అనుమతి దొరికింది. మందు బాగానే పనిచేసింది గానీ వాంతులు ఓ పట్టాన ఆగేవి కావు. 1980ల్లో మెటోక్లోప్రమైడ్‌ను పెద్ద మోతాదులో ఇచ్చి చూశారు. పిల్లల్లో అది వేరే చిక్కు తెచ్చింది: మెడ ఓ పక్కకు తిరిగిపోయేది, కనుగుడ్లు పైకి వెళ్లిపోయేవి, దవడ బిగుసుకుపోయేది. మరో వాంతుల మందు డోంపెరిడోన్‌ను నరానికి ఎక్కించినప్పుడు కొందరు క్యాన్సర్ రోగుల గుండె ఆగిపోయింది. ఆ దశాబ్దం మధ్యలోనే ఆ ఇంజెక్షన్‌ను వెనక్కి తీసుకున్నారు. గుండె విషయంలో తొలి హెచ్చరికగా దాన్నే లెక్కించాలి.

1991లో ఒండాన్‌సెట్రాన్‌కు అమెరికా అనుమతి ఇచ్చింది. వాంతిని రేపే సెరటోనిన్ సంకేతాన్ని అది అడ్డుకుంటుంది, మెడ తిరిగిపోయే బాధ లేదు. పిల్లల వార్డులకు అది పెద్ద ఊరట. దాని వెనకే అదే కోవకు చెందిన గ్రానిసెట్రాన్, డోలాసెట్రాన్ వచ్చాయి.

చిక్కల్లా పొటాషియం దగ్గరుంది. ఒకసారి కొట్టుకున్న గుండె కణం మళ్లీ సిద్ధం కావాలంటే లోపలి పొటాషియం కొంత బయటికి పోవాలి. ఈ మందులు ఆ దారిని కొద్దిగా మూస్తాయి. అప్పుడు ఈసీజీలో క్యూటీ వ్యవధి, అంటే గుండె కింది గదులు ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే సమయం, సాగుతుంది. అది 500 మిల్లీసెకన్లు దాటితే గుండె లయ ప్రాణాంతకంగా తప్పే ముప్పు పెరుగుతుంది.

ముందు దెబ్బ తగిలింది డోలాసెట్రాన్‌కు. 2006లో కెనడా దాన్ని 18 ఏళ్లలోపు వారికి వాడొద్దంది. 2010 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కీమో వాంతులకు ఆ ఇంజెక్షన్‌ను పిల్లలకే కాదు, పెద్దలకూ వద్దని చెప్పింది. మరుసటి ఏడాది ఒండాన్‌సెట్రాన్ వంతు వచ్చింది. 2012లో బయటపెట్టిన లెక్క ఇదీ: నరానికి ఒకేసారి 32 మిల్లీగ్రాములు ఇస్తే క్యూటీ 20 మిల్లీసెకన్లు పెరిగింది, 8 ఇస్తే 6. దాంతో ఒక్క విడతకు 16 మిల్లీగ్రాములు మించకూడదన్నారు.

ఆ పరీక్ష జరిగింది ఆరోగ్యంగా ఉన్న పెద్దల మీద. పిల్లలకు కిలోకు 0.15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు, అంటే 20 కిలోల పిల్లాడికి 3 మిల్లీగ్రాములే. 32 అనే అంకె చూసి బెదిరిపోయే వాళ్లు ఈ సంగతి పట్టించుకోరు. ఇంకో తిరకాసు కూడా ఉంది. గుండె వేగాన్ని బట్టి క్యూటీని సరిచేయడానికి ఎక్కువగా వాడేది 1920 నాటి బాజెట్ సూత్రం. గుండె వేగంగా కొట్టుకుంటే అది అసలుకన్నా పెద్ద అంకె చూపిస్తుంది. పిల్లల గుండె ఎలాగూ వేగమే, జ్వరం తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

నాకైతే మందుకన్నా దాని చుట్టూ ఉన్నవే ఎక్కువ ప్రమాదం అనిపిస్తుంది. సిస్‌ప్లాటిన్ మెగ్నీషియాన్ని మూత్రంలో పోగొడుతుంది, అది తగ్గితే క్యూటీ సాగుతుంది. ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఇచ్చే ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకొనజోల్ కూడా క్యూటీని సాగదీసేవే. పుట్టుకతోనే క్యూటీ ఎక్కువగా ఉన్న పిల్లలకు ఒండాన్‌సెట్రాన్ ఇవ్వొద్దనే ఎఫ్‌డీఏ చెబుతోంది. మిగతా పిల్లల్లో మాత్రం గుండె భయంతో వాంతుల మందు మానేస్తే, ఆగని వాంతుల్లో పొటాషియం పడిపోతుంది. అది తగ్గినా క్యూటీ సాగుతుంది.