‘ఖాళీ జాగా’ అన్న మాట వెనుక: హైదరాబాద్ శివార్ల నేల కథ

2025 మార్చి చివరి రోజుల్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు, ఆ నేల తనదని ప్రభుత్వం చెప్పింది, అది అడవి అని విద్యార్థులు చెప్పారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను నిలిపివేసింది. చర్చ చాలావరకు హక్కుపత్రాల చుట్టూనే తిరిగింది కానీ, ఆ నేల పేరులోనే ఉన్న ‘కంచ’ అనే మాటను పట్టించుకున్నవారు తక్కువ. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే బీడు. ఊరికి పొలం ఎంత అవసరమో కంచ, చెరువు శిఖం (నీరు తగ్గినప్పుడు బయటపడే చెరువు లోపలి నేల) కూడా అంతే అవసరం. ఎండాకాలం మేత అక్కడ దొరికేది, వంటచెరకు అక్కడినుంచే వచ్చేది, వాన నీరు అక్కడ ఇంకి దిగువ చెరువుకు చేరేది. అలాంటి నేలలు నగరం దగ్గరపడే కొద్దీ ‘ఖాళీ జాగా’లుగా మారిపోయాయి. పేరు మారిన తరువాత అమ్మకం పెద్ద కష్టం కాలేదు. హైదరాబాద్ బహిరంగ స్థలాలు తరిగిపోయిన చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ పేరు మార్పే సరైన మొదలు అని నా అభిప్రాయం.

ఈ నగరానికి ఖాళీ నేల విలువ తెలియక కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద సుమారు 15,000 మంది ప్రాణాలు తీసింది. ఆ విషాదం తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరాన్ని కాపాడాలంటే ఎగువన నీటికి చోటు వదలాలన్న అవగాహన అప్పటి పాలకులకు స్పష్టంగా ఉంది. అంతకుముందే గొలుసుకట్టు చెరువులు ఆ పని చేస్తూ ఉండేవి: ఒక చెరువు నిండితే అలుగు పారి, కాలువ గుండా నీరు కింది చెరువుకు వెళ్ళేది.

1975లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం. దాని కిందనే హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) ఏర్పడింది, 2008లో మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)గా మారింది. రెండవది పార్కులు, ఆట స్థలాలు, బహిరంగ స్థలాల పరిరక్షణ చట్టం. కాబట్టి చట్టం లేకపోవడం వల్ల ఈ నష్టం జరిగిందని అనడానికి వీలు లేదు.

అసలు మలుపు 1990ల చివర వచ్చింది. 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత పడమటి శివార్ల భూమి ధర పెరగసాగింది, ప్రభుత్వమే భూమి అమ్మకందారుగా మారింది. 2006లో జీవో 86 ద్వారా హైదరాబాద్‌లో, స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టవచ్చో నిర్ణయించే పరిమితిని తీసివేశారు. అప్పటినుంచి భవనం ఎత్తును రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే జాగా నిర్ణయిస్తున్నాయి. ఒక ఎకరంలో ఎన్ని వందల కుటుంబాలు ఉండవచ్చన్న లెక్కకూ, ఆ కుటుంబాల పిల్లలు ఎక్కడ ఆడుకుంటారన్న లెక్కకూ సంబంధం తెగిపోయింది. గేటు లోపల పచ్చిక వేస్తున్న మాట నిజమే, అయితే గేటు బయట ఉన్నవారికి అది బహిరంగ స్థలం కాదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అంత ధర పలికే చోట మైదానంగా మిగలడానికి నేలకు ఎంత బలమైన రక్షణ కావాలో ఊహించవచ్చు.

శివారు ఊళ్ళలో కథ ఇంకా నిశ్శబ్దంగా నడిచింది. రైతు దగ్గర పొలం అగ్రిమెంటు మీద తీసుకుని, హద్దురాళ్ళు పాతి, కాగితం మీద రోడ్లు గీసి, గ్రామ పంచాయతీ ముద్రతో ప్లాట్లు అమ్మే వెంచర్లు వందల సంఖ్యలో వెలిశాయి. నిబంధన ప్రకారం లేఅవుట్ విస్తీర్ణంలో 10 శాతం బహిరంగ స్థలంగా వదిలి, స్థానిక సంస్థకు రాసివ్వాలి. పది ఎకరాల వెంచర్‌లో ఒక ఎకరం పార్కు అన్నమాట. అనుమతి లేని లేఅవుట్లలో ఆ ఎకరం కాగితం మీద కూడా ఉండేది కాదు, లేదా బ్రోచర్‌లో పచ్చ రంగుతో కనిపించి, మిగతా ప్లాట్లు అయిపోయాక అదీ అమ్ముడుపోయేది.

2007 డిసెంబర్ 31న వచ్చిన జీవో 902 ఇలాంటి లేఅవుట్లను క్రమబద్ధీకరించే దారి చూపింది. అదే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, ఎల్‌ఆర్‌ఎస్. పార్కు వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం రుసుము చెల్లిస్తే చాలు. కొన్నవారి బాధను నేను తక్కువ చేయడం లేదు. జీవితకాలపు పొదుపు పెట్టి కొన్న నూరు, నూటయాభై గజాలకు అనుమతి రాకపోతే వారు ఎక్కడికి పోతారు? అయితే ఆ 14 శాతం డబ్బుతో అదే కాలనీలో పార్కుకు నేల దొరకదు, ఎందుకంటే అప్పటికే అక్కడ నేల మిగలలేదు. పోయినది స్థలం, వచ్చినది రుసుము. ఈ పథకం ఒక్కసారితో ఆగితే సర్దుకోవచ్చు, కానీ 2015లో మళ్ళీ వచ్చింది, 2020లో మళ్ళీ వచ్చింది. 2020లో తెలంగాణ అంతటా దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయంటే, పార్కు వదలకుండా ప్లాట్లు వేసినా చివరికి దారి దొరుకుతుందన్న నమ్మకం ఎంతగా స్థిరపడిందో తెలుస్తుంది.

చెరువుల విషయంలో ఇదే క్రమం మరో రూపంలో సాగింది. నీరు తగ్గినప్పుడు చెరువు లోపలి శిఖం భూముల్లో సాగు చేసుకునే పట్టాలు రైతులకు ఉండేవి. ఆ పట్టా సాగుకే తప్ప ఇంటికి కాదు. అయినా వానలు తక్కువైన కాలంలో ఆ నేల ప్లాట్లయింది. మాసాబ్ ట్యాంక్ పేరులో మాత్రమే చెరువుగా మిగిలింది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు నీరు తన పాత దారుల్లోనే వచ్చి ఇళ్ళలో నిలిచింది. 2020 అక్టోబర్ 13న కొన్ని చోట్ల 30 సెంటీమీటర్లు మించి కురిసినప్పుడు షా హాతిం తలాబ్ పక్కన ఉన్న నదీం కాలనీ రోజుల తరబడి నీళ్ళలో ఉంది, కొద్ది రోజులకే పాతబస్తీ వైపు గుర్రం చెరువు కట్ట తెగింది. ఆక్రమణలను తొలగించడానికి 2024 జూలైలో ప్రభుత్వం ఏర్పాటు చేసిన హైడ్రా అనే సంస్థ చెరువుల్లోని కట్టడాలను కూల్చడం మొదలుపెట్టింది. చెరువును విడిపించవలసిందే. కానీ ప్లాటు వేసి అమ్మినవారు, రిజిస్ట్రేషన్ చేసినవారు, అనుమతి ఇచ్చినవారు పక్కకు తప్పుకోగా, అప్పు తెచ్చి కట్టుకున్నవారే బుల్డోజర్ ముందు నిలబడవలసి రావడం న్యాయంగా తోచదు.

నగరం ఒక పెద్ద విస్తీర్ణాన్ని కావాలని ఖాళీగా ఉంచిన సందర్భం ఒకటుంది. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అనే జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, సుమారు 1.32 లక్షల ఎకరాల మీద కాలుష్యం కలిగించే పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించింది. ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వమే మినహాయింపు ఇవ్వజూస్తే, 2000లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసి, తాగునీటి విషయంలో ముందుజాగ్రత్తే సూత్రమని చెప్పింది. అయితే ఈ రక్షణ భారమంతా 84 ఊళ్ళ రైతుల మీద పడింది. పక్క ఊరిలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ ఊరిలో ఇల్లు కట్టుకోవడానికీ ఆంక్షలే. వారికి పరిహారం రాలేదు, అదే సమయంలో సంపన్నుల ఫామ్‌హౌసులు మాత్రం కళ్ళెదుట లేచాయి. పాతికేళ్ళ పాటు ఆ ఊళ్ళు జీవో రద్దు కోరాయంటే వారిని తప్పుపట్టలేము. 2022 ఏప్రిల్ 12న జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తివేసింది. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్ళు వస్తున్నాయి కనుక నగర అవసరాల్లో జంట జలాశయాల వాటా 1.25 శాతానికి లోపేనన్నది ప్రభుత్వం చూపిన కారణం. వరదను ఆపడానికి కట్టిన జలాశయాలను తాగునీటి లెక్కతో మాత్రమే తూచడం అక్కడ జరిగిన పొరపాటు.

మళ్ళీ కంచ గచ్చిబౌలికి వస్తే, దాని ప్రయాణంలో ఈ దశలన్నీ కనిపిస్తాయి. 1974లో విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు సుమారు 2,300 ఎకరాలు చూపారు కానీ, ఆ భూమి విశ్వవిద్యాలయం పేరు మీదికి మారలేదు. అందులో 400 ఎకరాలను 2003–04లో క్రీడా సదుపాయాల పేరుతో ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చారు, 2006లో వెనక్కు తీసుకున్నారు. కోర్టు వ్యాజ్యం 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. ఆ నేల పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ చేతికి వెళ్ళింది. వ్యాజ్యం నడిచిన దాదాపు రెండు దశాబ్దాలు దానిని ఎవరూ ముట్టుకోలేదు. జింకలు, నెమళ్ళు, చెట్లు, రాళ్ళ గుట్టలు అక్కడ నిలవడానికి ఏ పరిరక్షణ విధానమూ కారణం కాదు, తేలని తగాదా కారణం. తగాదా తేలిన ఏడాది లోపే యంత్రాలు వచ్చాయి. కోర్టు ఆపేసరికి సుమారు వంద ఎకరాల చెట్లు పడిపోయాయి, వాటిని తిరిగి ఎలా పెంచుతారో చెప్పమని ధర్మాసనం ప్రభుత్వాన్ని అడిగింది.